చేరినందుకు కేకు

రోస్విటా క్యోస్లర్ ఆ ఫిబ్రవరీ మార్చీ కుర్చీలు అమ్మింది. లేని కుర్చీలు. లేని ఫ్యాక్టరీలో లేని పనివాళ్ళు చేసిన కుర్చీల్ని లేని షాపులకి, లేని డబ్బుకి అమ్మింది. రోజూ పొద్దున్నే వచ్చి సాయంత్రం దాకా అదే పని.

నవ్వకండి. ఏభై ఆరేళ్ళ మనిషి, పింగాణీ ఫ్యాక్టరీలో జీతాల లెక్కలు రాసి రాసి చూపు తగ్గించుకున్న మనిషి, పొద్దున్నే జుట్టు దువ్వుకుని లిప్‌స్టిక్ వేసుకుని బస్సెక్కి వచ్చి ఈ పని చేసేదంటే సరదాకి కాదు. ఉద్యోగ కార్యాలయం వాళ్ళు పంపారు. రాకపోతే నెలనెలా ఇచ్చే భృతిలో కోత పెడతారు. అసలు బాధ అది కూడా కాదు. ఆ శిక్షణ జరిగేది మూతపడ్డ పింగాణీ ఫ్యాక్టరీ క్యాంటీన్‌లోనే. ఏళ్ళ తరబడి తను శుక్రవారం శుక్రవారం చేపల వేపుడు తిన్న హాల్లో, అదే కిటికీ పక్కన కూర్చుని ఇప్పుడు ఉద్యోగం ఉన్నట్టు నటించడం. ఏం ఖర్మ చెప్పండి.

దాన్ని అందరూ 'ఆట' అనేవాళ్ళు. పని పోయినవాళ్ళని జట్లుగా విడదీసి, ఒక్కో జట్టుకి కంప్యూటర్‌లో ఒక కుర్చీల ఫ్యాక్టరీ ఇస్తారు. చెక్క కొనాలి, మనుషుల్ని పెట్టుకోవాలి, పన్ను కట్టాలి. బయట ఒక రోజు గడిస్తే ఆటలో ఒక నెల. ఆఖరికి ఎవరి ఖజానాలో ఎక్కువ డబ్బు మిగిలితే వాళ్ళు గెలిచినట్టు. గెలిస్తే ఇన్నాళ్ళూ ఒక కాగితం, ఒక పెన్నూ ఇచ్చి పంపేవాళ్ళు. ఈసారి మాత్రం శిక్షణ ఇచ్చే లాయ్‌పోల్ట్ మాస్టారు మొదటి రోజే చేతులు రుద్దుకుంటూ ఒక మాట చెప్పాడు. "ట్రాప్‌మాన్ అట్టపెట్టెల కంపెనీ తెలుసుగా, కొండ కింద? గెలిచిన జట్టులోంచి ఒకరిని వాళ్ళ లెక్కల విభాగంలోకి తీసుకుంటారట. నిజం ఉద్యోగం. ఆట కాదు."

హాల్లో కుర్చీలు కిర్రుమన్నాయి. రోస్విటా ముందుకి జరిగి కూర్చుంది.

మూడేళ్ళుగా దరఖాస్తులు పెడుతూనే ఉంది. ఒక్కొక్కళ్ళూ ఎంత మర్యాదగా కాదంటారో! మీ భవిష్యత్తుకి మా శుభాకాంక్షలు అని కింద ఒక ముక్క కూడా రాస్తారు. ఆ శుభాకాంక్షలు పోగేస్తే చలికాలమంతా పొయ్యిలోకి సరిపోతాయి. తిండికి లోటు లేదు, భృతి వస్తుంది. ఆవిడకి కావలసింది తిండి కాదు. పొద్దున్నే తను రాకపోతే "క్యోస్లర్ ఇంకా రాలేదేమిటి?" అని ఎవరో ఒకరు గడియారం చూడాలి. అంతే. ఆ ఒక్కటీ కావాలి.

ఆవిడ జట్టులో ఓట్మార్ సైడ్లర్ అని ఒకడున్నాడు. బీరు ఫ్యాక్టరీలో లారీలు పంపించే పని చేసేవాడు, అదీ మూతపడింది. బుర్రమీసాలు, పెద్ద పొట్ట, నోరు ఊరుకోదు. వాడికి కుర్చీలు అమ్మే పని ఇచ్చారు. రోస్విటాకి జీతాలూ లెక్కలూ. మొదటి వారమంతా "సైడ్లర్ గారూ", "క్యోస్లర్ గారూ" అని మీరు మీరు అనుకుంటూనే నష్టపోయారు. చెక్క ధర పెరిగింది, జీతాలు మింగేశాయి, మూడు జట్లలో వీళ్ళది మూడో స్థానం.

"క్యోస్లర్ గారూ," అన్నాడు ఓట్మార్, "మనం నిజం ఫ్యాక్టరీల్ని ముంచినంత చక్కగా దీన్నీ ముంచేస్తున్నాం. చేయి తిరిగినవాళ్ళం."

"మనం ముంచలేదు. మనల్ని ముంచారు," అంది ఆవిడ తెర మీంచి కళ్ళు తీయకుండా.

ఆవిడ చూస్తున్నది జీతాల పేజీ. ఆటలో ఒక నియమం ఉంది. చాలాకాలంగా పని లేనివాణ్ణి తీసుకుంటే, మొదటి ఆరు నెలలూ వాడి జీతంలో సగం ఆటలోని సర్కారు ఇస్తుంది. ఏడో నెల నుంచి మొత్తం ఫ్యాక్టరీయే కట్టుకోవాలి. మిగతా జట్లు కూడా అలా తీసుకున్నవే. ఏడో నెల రాగానే వాళ్ళ మీద కూడా జీతాల బరువు పడింది. రోస్విటా మాత్రం ఆరో నెల ఆఖరున ఒకణ్ణి తీసేసి చూసింది. వాడి పేరు ఇ. హోయర్. పేరు పక్కన బూడిద రంగులో ఒక గుండ్రటి ముఖం, మూతి గీతలా ఉంటుంది. తీసేయగానే హోయర్ పని లేనివాళ్ళ గుంపులోకి పోయాడు. మర్నాడు ఆవిడ మళ్ళీ ఆ గుంపులోంచి హోయర్‌నే తీసుకుంది. ఆట కిక్కురుమనలేదు. కొత్త మనిషి అనుకుంది. మళ్ళీ ఆరు నెలలు సగం జీతం సర్కారుదే!

మళ్ళీ చేసి చూసింది. మళ్ళీ పనిచేసింది. హోయర్ ముఖంలో గీత గీతలాగే ఉంది, కిందికీ వంగలేదు, పైకీ లేవలేదు. రోజుకి చేసే కుర్చీలూ తగ్గలేదు.

"సైడ్లర్ గారూ, ఇలా రండి," అంది మెల్లగా.

విన్నాక ఓట్మార్ కాసేపు మీసం దువ్వుకున్నాడు. "అందరినీ ఇలాగే?"

"అందరినీ. విడతలు విడతలుగా. పని ఆగకుండా."

"తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడు ఉంటాడంటారు," అన్నాడు, "మీరు తాడినీ తన్నారు, తలనీ తన్నారు." చెయ్యి చాచాడు. "ఇక మీరూ గీరూ వద్దు. నేను ఓట్మార్."

"రోస్విటా," అంది ఆవిడ. ఎన్నాళ్ళయిందో ఒకరు చెయ్యి చాచి నువ్వు అనుకుందాం అని. ముఖం ఎర్రబడింది కూడా.

ఆ మర్నాటి నుంచి వాళ్ళ ఫ్యాక్టరీకి జీతాలు సగానికి పడిపోయాయి, ఎప్పటికీ సగమే. కుర్చీ ధర తగ్గించారు, పక్క జట్ల కొనుగోలుదారులు ఇటు వచ్చి పడ్డారు. మాస్టారికి కూడా విషయం తెలిసింది. నుదురు చిట్లించి తెర కిందికీ పైకీ జరిపి చూశాడు. "ఆట ఒప్పుకుంటే నేనెవర్ని ఒద్దనడానికి?" అని వెళ్ళిపోయాడు. ఎంత చల్లటి మాట అది. ఒప్పుకున్నది ఆట, అంతే, ఇంకెవ్వరి పూచీ లేదు.

ఓట్మార్‌కి మాత్రం నోటి దురద.

"అమ్మా మహాతల్లీ, ఆ హోయర్‌ని ఇంకెన్నిసార్లు ఇంటికి పంపిస్తావే? తలుపు తీసీ తీసీ వాడి పెళ్ళాం విసిగిపోయుంటుంది."

"వాడికి పెళ్ళాం లేదు. బొమ్మ వాడు."

"మనం మాత్రం? మనమూ బొమ్మలమే, కాకపోతే కాఫీ తాగుతాం."

"నీకు గెలవాలని లేదా?"

"ఎందుకు లేదు? గెలుపు నాకు చేదా? కానీ వాణ్ణి చూడు, ఎంత బుద్ధిమంతుడో. తిట్టడు, తలుపు ధడేలుమనిపించడు. పిలిస్తే వస్తాడు, పొమ్మంటే పోతాడు."

"అందుకే కదా లెక్క కుదిరింది," అంది రోస్విటా. ఇద్దరూ పగలబడి నవ్వారు. ఆ క్యాంటీన్‌లో అంత నవ్వు ఫ్యాక్టరీ మూసేశాక అదే మొదలు.

ఆఖరి రోజు కంపెనీ యజమాని ట్రాప్‌మాన్ స్వయంగా వచ్చాడు. పెద్ద మనిషిలా లేడు, చొక్కా చేతులు మడిచి, అందరికీ తనే కాఫీ పోసి, పేరుపేరునా పలకరించాడు. గెలిచిన జట్టుని నిలబెట్టి, "ఎలా సాధించారో ఒక్క ముక్కలో చెప్పండి" అన్నాడు. అందరూ రోస్విటా వైపు చూశారు. ఆవిడ చెప్పింది. దాపరికం లేకుండా చెప్పింది, గొంతులో గర్వం తొణికింది కూడా. సగం జీతం సర్కారుది, ఆరు నెలలు కాగానే తీసెయ్యడం, మళ్ళీ కొత్తవాళ్ళ లెక్కలో తెచ్చుకోవడం.

ట్రాప్‌మాన్ ముందు చిరునవ్వు నవ్వాడు. తర్వాత బల్ల మీద చరిచి నవ్వాడు, కళ్ళు తుడుచుకున్నాడు. "క్యోస్లర్ గారూ, మీరు నాకు కావాలి. మీలాంటి బుర్ర నాకు కావాలి. ఒకటో తారీకున వచ్చి చేరండి."

ఓట్మార్ ఆవిడ భుజం మీద గట్టిగా కొట్టాడు. వాడికి రాలేదే అని ఆవిడకి మనసు చివుక్కుమంది. కానీ ఉన్నది ఒక్కటే ఉద్యోగం, ఏం చేస్తుంది.

సంతకాలు పెట్టేటప్పుడు ఒక కాగితం ముందుకు జరిపారు. ఏభై దాటిన మనిషి, చాలాకాలంగా ఖాళీగా ఉన్న మనిషి కాబట్టి, మొదటి ఆరు నెలలు ఆవిడ జీతంలో సగం ప్రభుత్వం భరిస్తుందని అందులో ఉంది. ప్రొబేషను కూడా ఆరు నెలలే. ఆవిడ చదవలేదనుకునేరు. జీతాల లెక్కలు రాసిన మనిషి, ప్రతి అక్షరం చదివింది. చదివి, ఒక్క క్షణం పెన్ను ఆపింది. హోయర్ మూతి మీది గీత గుర్తొచ్చింది. మరుక్షణం తనని తనే కసురుకుంది. హోయర్ బొమ్మ. వాడికి పని రాదు, అలవాటుగా కుర్చీలు చేస్తాడంతే. నాకు పని వచ్చు. ఆరు నెలల్లో నేను లేకపోతే వాళ్ళకి గడవకుండా చేస్తాను. ఇలా అనుకుని సంతకం పెట్టేసింది. కావాలనుకున్నవాడికి కనపడేది కూడా కనపడదు, మనందరిదీ అదే రోగం.

ఒకటో తారీకుకి ముందు రోజంతా కేకు గురించే ఆలోచించింది. మా వైపు ఎక్కడైనా అంతే. కొత్తగా చేరినవాళ్ళు కేకో, వేడివేడి సాసేజీలో పట్టుకొచ్చి అందరికీ పెట్టాలి. పెట్టమని ఎవరూ అడగరు, పెట్టకపోతే ఎవరూ మర్చిపోరు. అది తిన్నాక మీరు మావాళ్ళు. వెళ్ళిపోయేటప్పుడు కూడా అంతే, ఇంకో కేకు, ఇక సెలవు. పింగాణీ ఫ్యాక్టరీలో చేరినప్పుడు రోస్విటా వాళ్ళమ్మ చేసిన గసగసాల కేకు పట్టుకెళ్ళింది. ఫ్యాక్టరీ మూసిన రోజు అందరూ ఒకేసారి వెళ్ళిపోయారు, ఎవరికెవరు కేకు పెడతారు?

ఏప్రిల్ కదా, రూబార్బ్ కాడలు అప్పుడే వస్తున్నాయి. పుల్లపుల్లగా పైన చక్కెర వేసి గిలక్కొట్టిన గుడ్డు నురగతో రూబార్బ్ కేకు చేద్దామనుకుంది. మొదటి రోజు లెక్కల గదిలో తన ఎదుటి బల్ల దగ్గర కూర్చున్న వుండర్‌లిష్ గారితో ఆ మాట అంది. వుండర్‌లిష్ గారు ఇంకో రెండేళ్ళలో పింఛనుకి పోబోయే ఆవిడ. బొడ్డు దాకా వేలాడే కళ్ళజోడు తాడు, మాట పొదుపు.

"శుక్రవారం కేకు తెస్తాను. మనవాళ్ళు ఎంతమంది ఉంటారు?"

వుండర్‌లిష్ గారు కళ్ళజోడు తీసి తుడిచింది. చాలాసేపు తుడిచింది. "కేకు సంగతి తర్వాత చూద్దాంలెండి."

"అదేమిటి, చేరాక..."

"తొందరేముంది? ఆరు నెలలు గడవనివ్వండి. ఇక్కడ అంతే."

రోస్విటాకి ఒళ్ళు మండింది. ఏమిటీ పొగరు? మా కేకు వీళ్ళకి పనికి రాదా? ఇంటికెళ్ళి రూబార్బ్ కాడలు కోసి ఉడకబెట్టి సీసాలో పోసి మూత బిగించింది. ప్రొబేషను దాకా ఆగమంటున్నారు, కొన్ని చోట్ల అలా కూడా ఉంటుందిలే అని తనకి తనే సర్దిచెప్పుకుంది. వుండర్‌లిష్ గారు నువ్వు అనుకుందామని కూడా అనలేదు. ఎదురెదురుగా కూర్చుని రోజంతా మీరు, మీరు.

పని మాత్రం కడుపునిండా చేసింది. అబ్బ, పని! రెండుసార్లు డబ్బు కట్టిన బిల్లులు పట్టుకుంది. లారీ కంపెనీ వాడు ఏడాదిగా వేస్తున్న దొంగ లెక్క బయటికి లాగింది. సెలవు మీద పోయినవాళ్ళ పని కూడా తన బల్ల మీదికి లాక్కుంది. ట్రాప్‌మాన్ వసారాలో ఎదురుపడితే "మా బంగారు క్యోస్లర్ గారు!" అనేవాడు. ఒకరోజు బస్సు ఆలస్యమై పరుగున వస్తే, గోదాములోంచి ఎవరో కేకేశారు. "ఏమండోయ్ క్యోస్లర్ గారూ, ఇవాళ ఆలస్యమే!" ఆ మాటకి ఆవిడ రోజంతా పొంగిపోయింది. గడియారం చూశారు! తన కోసం గడియారం చూశారు!

టీ గదిలో కొక్కేలకి కప్పులు వేలాడుతుంటాయి. పాతవాళ్ళ కప్పుల మీద వాళ్ళ పేర్లు కాల్చి అచ్చు వేయించి ఉంటాయి. రోస్విటాకి ఇచ్చిన తెల్ల కప్పు మీద టేపు ముక్క అంటించి పెన్నుతో రాసి ఉంది, క్యోస్లర్ అని. ఆ టేపు కాస్త మందంగా ఉండేది. కడిగినప్పుడల్లా అంచు లేచేది. మళ్ళీ బొటనవేలితో నొక్కి అంటించేది. పింగాణీ ఊరి మనిషి, పేరున్న కప్పు అంటే ఏమిటో ఆవిడకి ఒకరు చెప్పాలా? తనకీ ఒకటి కాలుస్తారులే, ఆరు నెలలు కానీ అనుకునేది.

సెప్టెంబరు వచ్చింది. భయమూ వచ్చింది. పగలంతా అంకెల్లో పడి బాగానే ఉండేది, బస్సులో కూర్చుంటే మాత్రం మిగిలిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టుకునేది. ధైర్యం చేసి ఒకరోజు ట్రాప్‌మాన్‌ని అడిగింది, "ఆరు నెలలయ్యాక నా సంగతి..." అని. "చూద్దాం, చూద్దాం, తప్పకుండా మాట్లాడుకుందాం" అని భుజం తట్టి పోయాడు. వుండర్‌లిష్ గారిని అడిగితే, "నాకేం తెలుస్తుందండీ" అని కళ్ళజోడు తుడవడం మొదలుపెట్టింది. ఆవిడ కళ్ళజోడుకి అంత మురికి ఎక్కడ పడుతుందో.

అప్పుడు రోస్విటా బుర్ర పాత దారిలోనే నడిచింది. ప్రతి నియమంలోనూ ఒక కంత ఉంటుంది కదా! ఇక్కడ కంత ఎక్కడుంది? కేకులో ఉంది. ఆరు నెలలు గడిచాక తెమ్మన్నారు. గడవకముందే తెస్తే? తేవద్దని చట్టం లేదుగా! చేరినందుకు కేకు అని బల్ల మీద పెట్టి అందరి చేతా తినిపించేస్తే, తిన్న నోటితో పొమ్మని ఎలా అంటారు? కేకు తిని మనిషిని పంపించేసినవాళ్ళని ఆవిడ పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. అది జరగదు. మనుషులన్నాక అలా చెయ్యరు. నవ్వొస్తుందా? నాకు రాదు. ఏట్లో కొట్టుకుపోయేవాడికి గడ్డిపోచే తాడు.

గురువారం సాయంత్రం సంతలో నల్లప్లమ్ పళ్ళు కొంది. ఒక్కొక్కటీ చీల్చి గింజ తీసి, పిండి పరిచిన పళ్ళెం మీద వరసలు వరసలుగా నిలబెట్టింది. పైన వెన్న, చక్కెర, దాల్చినచెక్క పొడి చల్లింది. ఇల్లంతా ఘుమఘుమ. కింది వాటా ఆవిడ తలుపు తీసి "ఏమిటి విశేషం?" అంది. "మా ఆఫీసులో చేరినందుకు," అంది రోస్విటా. మా ఆఫీసు అన్న మాట నోట్లో చక్కెరలా కరిగింది.

శుక్రవారం పొద్దున్నే ఆ పెద్ద పళ్ళేన్ని ఒళ్ళో పెట్టుకుని బస్సులో వచ్చింది. టీ గది బల్ల మీద గుడ్డ పరిచి, పళ్ళెం పెట్టి, పక్కన కత్తీ సాసర్లూ సర్దింది. ఒక చీటీ కూడా రాసి పెట్టింది: 'చేరినందుకు. ప్రేమతో, రోస్విటా.' వుండర్‌లిష్ గారు గుమ్మంలో నిలబడి చూసింది. ఆవిడ ముఖం పాలిపోయింది.

"ఎంత పని చేశారండీ," అంది.

"ఏం, బాగా రాలేదా?"

"అది కాదు..." అనబోయింది. ఇంతలో ట్రాప్‌మాన్ గదిలోంచి పిలుపు వచ్చింది. క్యోస్లర్ గారు ఒకసారి రావాలట.

ట్రాప్‌మాన్ లేచి నిలబడి కుర్చీ చూపించాడు. కాఫీ పోశాడు. ఆవిడ పనిని మెచ్చుకున్నాడు, మనస్ఫూర్తిగానే మెచ్చుకున్నాడు, లారీ వాడి దొంగ లెక్క సంగతి కూడా ఎత్తాడు. ఆ మెప్పు వింటుంటేనే రోస్విటాకి అర్థమైపోయింది. ఉంచుకునేవాళ్ళని ఎవరూ అంత సేపు పొగడరు.

"ఈ నెలాఖరుతో ముగించుకుందాం," అన్నాడు. "మీకు సెలవులు మిగిలాయి కదా. సోమవారం నుంచి రాకపోయినా ఫర్వాలేదు. జీతం వచ్చేస్తుంది."

"నా పనిలో తప్పు..."

"అయ్యో, లేదు లేదు."

"మరి ఎందుకండీ?" అంది ఆవిడ.

ట్రాప్‌మాన్ నిజంగానే ఆశ్చర్యపోయాడు. మోసం చేసేవాడి ముఖం కాదది, స్నేహితుణ్ణి చూసే ముఖం. "క్యోస్లర్ గారూ, మీకు నేను విడమరచి చెప్పాలా? ఈ లెక్క మీకంటే బాగా ఇంకెవరికి తెలుసు? ఆ రోజు మీరు చెబుతుంటే నాకెంత ముచ్చటేసిందో! మేం ఎప్పటి నుంచో చేస్తున్నదాన్ని మీరు ఒక్క వారంలో కనిపెట్టేశారు." ముందుకి వంగాడు, మంచి మాట చెప్పేవాడిలా. "కొన్నాళ్ళు ఆగండి. మీరు మళ్ళీ ఆ గుంపులోకి వస్తారు. అప్పుడు చూద్దాం. నేను మిమ్మల్ని మర్చిపోను."

రోస్విటా లేచింది. తిట్టలేదు, తలుపు ధడేలుమనిపించలేదు. గుమ్మం దాటాక తెలిసింది తన మూతి ఎలా ఉందో. చెయ్యి పెట్టి తడుముకుంది. ఓడ ఎక్కేదాకా ఓడ మల్లయ్య, దిగాక బోడి మల్లయ్య అంటారు. ఇక్కడ ఆ మాట కూడా సరిపోదు. ఓడ ఎక్కేటప్పుడే బోడి మల్లయ్య అని రాసిచ్చారు, తనే చదివి సంతకం పెట్టింది. ఎవర్ని తిడుతుంది? ఆటలో హోయర్‌ని ఎన్నిసార్లు పంపిందో లెక్క కూడా లేదు. నవ్వుతూ పంపింది.

టీ గదిలో జనం మూగి ఉన్నారు. గోదాము వాళ్ళు, అమ్మకాల వాళ్ళు, లారీ డ్రైవరు కూడా. పళ్ళెంలో సగం ఖాళీ అయింది. కబురు ఆవిడకంటే ముందే అక్కడికి చేరింది, అలాంటి కబుర్లకి కాళ్ళెక్కువ. చీటీ కనపడలేదు. ఎవరో తీసేశారు. వుండర్‌లిష్ గారే తీసి ఉంటుంది.

"ఎంత బాగుందండీ," అన్నాడు గోదాము మనిషి నోటి నిండా కేకుతో. "వెళ్ళిపోతూ ఇంత శ్రమ ఎందుకు తీసుకున్నారు? మీ ముందు ఉన్నాయన ఏమీ తేకుండానే పోయాడు."

"దాల్చినచెక్క బాగా పడింది," అంది ఇంకో ఆవిడ. "మీకు అంతా మంచే జరగాలి."

ఒక్కొక్కళ్ళూ వచ్చి చెయ్యి కలిపి పోయారు. రోస్విటా అందరికీ "థాంక్స్, థాంక్స్" అంది. వాళ్ళ వేళ్ళకి చక్కెర అంటుకుని ఉంది.

అందరూ పోయాక కప్పు కడుగుదామని కొక్కెం మీంచి తీసింది. టేపు అంచు మళ్ళీ లేచింది. ఈసారి నొక్కలేదు, గోటితో లాగింది. తన పేరు కింద ఇంకో టేపు, దాని మీద హాగెన్ అని. దాని కింద ఇంకోటి. ఆ పేరు సగం చెరిగిపోయింది. ఇంకా లాగబుద్ధి కాలేదు.

వుండర్‌లిష్ గారు పక్కన వచ్చి నిలబడింది. "మొదట్లో అందరితోనూ నువ్వు అనేదాన్ని," అంది, కుళాయి వైపు చూస్తూ. "కేకు తినేదాన్ని. పుట్టినరోజులకి వెళ్ళేదాన్ని. తర్వాత మానేశాను. నా వల్ల కాలేదు." చెయ్యి చాచింది. "నా పేరు ఎల్ఫ్రీడే. నువ్వు అను."

"ఇప్పుడా?" అంది రోస్విటా.

"ఇప్పుడే. సోమవారం నుంచి అందామన్నా కుదరదు కదా."

రోస్విటా ఆ చెయ్యి పట్టుకుంది. కోపం రావాలి, రాలేదు. ఏడుపు వచ్చింది, అది కూడా బయటికి రాలేదు. "ముందే చెప్పి ఉండొచ్చుగా, ఎల్ఫ్రీడే," అంది.

"చెబితే మానేసేదానివా?"

మానేసేది కాదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

సంచీలో ఖాళీ పళ్ళెం పెట్టుకుని మెట్లు దిగుతుంటే కింద వసారాలో బెంచీ మీద ఎవరో కూర్చుని ఉన్నారు. ఇస్త్రీ కోటు, నున్నగా దువ్విన మీసం, ఒళ్ళో ఫైలు. ఆవిణ్ణి చూడగానే ఎగిరి లేచాడు.

"రోస్విటా తల్లీ!" ఓట్మార్. "చెప్పకుండా వస్తే చూసి ఆశ్చర్యపోతావని ఊరుకున్నాను. మళ్ళీ ఆట పెట్టారే! ఈసారి లెక్కలు నావి. నీ కిటుకే వేశాను, ఉన్నదున్నట్టు. హోయర్ గాడు పాపం మళ్ళీ మనకే తగిలాడు." పెద్దగా నవ్వాడు. "గెలిచాం! ట్రాప్‌మాన్ నన్ను రమ్మన్నాడు, ఒకటో తారీకు నుంచి. నీ చలవే. నీ ఎదుటి బల్ల ఇస్తారా ఏమిటి?"

రోస్విటా నోరు తెరిచింది. చెప్పాలి. ఇప్పుడే, ఈ మెట్టు మీదే చెప్పాలి. వాడి కోటు చూసింది. భుజాల దగ్గర ఇస్త్రీ మడత కత్తిలా ఉంది, వాళ్ళావిడ ఎంతసేపు నిలబడి చేసిందో. మెడ దగ్గర గడ్డం గీసుకుంటే పడ్డ కొత్త గాటు. మూడేళ్ళుగా వీడి కోసం ఎవరూ గడియారం చూడలేదు. ఇప్పుడు చెబితే మాత్రం? వెనక్కి తిరిగి ఎక్కడికి పోతాడు, ఆ క్యాంటీన్‌కే కదా. ఆరు నెలలు. ఆరు నెలలైనా ఎవరో ఒకరు వీణ్ణి ఆలస్యమైందని కేకేస్తారు. తనకి తను చెప్పుకున్న ఈ సమాధానం ఆవిడకే అసహ్యం వేసింది.

"మరి నువ్వు ఇంత పెందరాళే ఎక్కడికి?" అన్నాడు వాడు.

"సెలవు," అంది.

"అదృష్టవంతురాలివి! ఇదిగో, ఒక్క మాట చెప్పి వెళ్ళు. మా ఆవిడ చేరినందుకు పెద్ద పళ్ళెం నిండా కేకు చేస్తానంటోంది. వాల్‌నట్లు వేసి. మొదటి శుక్రవారం తెచ్చేదా?"

రోస్విటా సంచీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. లోపల పళ్ళెం గణగణమంది.

"కేకు సంగతి తర్వాత చూద్దువుగాని," అంది.

"అదేం? ఇక్కడివాళ్ళు తినరా?"

"తింటారు, ఓట్మార్," అంది రోస్విటా. "బాగానే తింటారు."